మార్కులు కాదు, ర్యాంకు

ఈఏపీసెట్ ఫలితాలొచ్చిన రోజు చుట్టాలెవరూ మార్కులడగరు, ర్యాంకెంత అంటారు. పిల్లవాడికి ఎంత వచ్చిందో కాదు, వాడి ముందు ఎంతమంది ఉన్నారో తెలియాలి. సెర్చ్ ఇంజన్లు కట్టేవాళ్లూ చాలాకాలం ఇలాగే ఆలోచించారు.

డగ్ కటింగ్ 1999లో రాసిన లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీని పునాదిగా చేసుకుని, 2004లో సీనెట్ కంపెనీలో యోనిక్ సీలీ సోలర్ అనే సెర్చ్ సర్వర్ కట్టాడు. అందులో ఆర్డ్ అని ఒక చిన్న ఫంక్షన్ ఉంది. ఒక ఫీల్డులోని విలువలన్నిటినీ వరుసగా పేర్చి, ఫలానా డాక్యుమెంటు విలువ ఎన్నోదో చెబుతుంది. లెక్క 1తో మొదలవుతుంది. ఫీల్డు ఖాళీగా ఉంటే 0. ఒకే విలువ ఉన్నవాటన్నిటికీ ఒకే ర్యాంకు. వెనక నుంచి లెక్కపెట్టేది ఆర్‌ఆర్డ్.

కొత్త వాటిని పైకి తేవడానికి దీన్ని బాగా వాడారు. తేదీల ర్యాంకును వెనక నుంచి తీసుకుని, దానికి 1000 కలిపి, ఆ మొత్తంతో 1000ని భాగిస్తారు. అన్నిటికన్నా కొత్త తేదీకి దాదాపు 1 వస్తుంది, వెయ్యో తేదీకి సరిగ్గా సగం. ఇది మాటల పోలికతో వచ్చిన స్కోరుకు తోడవుతుంది. మిల్లీసెకన్లలో పదమూడు అంకెలుండే తేదీ కాస్తా 1, 2, 3 అయిపోతుంది. సుఖమంతా అక్కడే, చిక్కూ అక్కడే. పక్కపక్కనున్న రెండు తేదీల మధ్య ఒక రోజున్నా ఒక మెట్టే, పదేళ్లున్నా ఒక మెట్టే. పైగా కొత్త తేదీ ఒకటి చేరితే పాతవాటి ర్యాంకులన్నీ జరుగుతాయి. ఇండెక్స్‌ను ముక్కలు చేసి రెండు మూడు సర్వర్లలో పెడితే, ఏ ముక్క ర్యాంకు దానిదే; ఒకదానితో ఒకటి పోల్చలేం. అందుకే తర్వాత తేదీలకు వయసునే నేరుగా లెక్కించే పద్ధతి వచ్చింది: ఏడాది పాతదానికి సగం, పక్కన ఏమి చేరినా సరే. నా ఓటు దీనికే.

అసలు వరుస ఎవరు పెట్టినది అన్నది ఇంకో పేచీ. అంకెలను అక్షరాలుగా దాస్తే 10 వచ్చి 9కి ముందు కూర్చుంటుంది. తెలుగు మాటలను ఉత్త యూనికోడ్ సంఖ్యలతో పేరిస్తే గుణింతాలకు ఇబ్బంది లేదు. కమలం, కాకి, కిటికీ, కౌలు, ఆ తర్వాత క్రమం, నిఘంటువులో చూసినట్టే ఉంటాయి. సున్నా దగ్గర మాత్రం తేడా. బళ్లో అం, అః అచ్చుల చివర చదివాం. యూనికోడ్‌లో సున్నా సంఖ్య అచ్చులన్నిటికన్నా, హల్లులన్నిటికన్నా చిన్నది, కనుక అట్లు కన్నా ముందు అంబలి వస్తుంది. పలక మీద హ తర్వాత దిద్దిన ళ, యూనికోడ్‌లో ల పక్కన, వ కన్నా ముందే ఉంది. అందుకని కళ ముందు, కవి వెనక. ఱ కూడా ర పక్కకే చేరింది.

ఏది సరైన వరుసో తేల్చాల్సింది యంత్రం కాదు, ఇండెక్స్ తయారుచేసేవారు. భాషను బట్టి వరుస పెట్టే కొలేషన్ సదుపాయం సోలర్‌లోనే ఉంది. ఇండెక్స్ కట్టేముందే దాన్ని పెట్టుకుని, అంబలి, అట్లు, కళ, కవి ఈ నాలుగు మాటలూ ఒకసారి వేసి చూసుకోండి.