దేవగన్నేరు తెలిసిన చేతులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో వేలాది చెట్లను కూల్చేసింది. ఆ తర్వాత ఊరికి మళ్లీ పచ్చదనం తెచ్చినవాళ్లలో పేరు రానిది తోటమాలులకే. వాళ్ల పనితనం చూడాలంటే దేవగన్నేరు దగ్గర చూడాలి.

మెక్సికో, కరీబియన్ దీవుల వైపు నుంచి వచ్చిన చెట్టిది. మన గుడి ఆవరణల్లో ఎంతగా కలిసిపోయిందో! లావుపాటి కొమ్మల్లో నీరు దాచుకుంటుంది కాబట్టి ఎండలకు జంకదు. ఉప్పుగాలినీ చాలావరకు ఓర్చుకుంటుంది.

నేర్పంతా కొమ్మ నాటడంలోనే ఉంది. వేసవి మొదట్లో, ఆకులు రాలి ఉన్నప్పుడు మూరెడు కొమ్మ కోస్తారు. తెల్లటి పాలు బొటబొటా కారతాయి. అవి కంట్లో పడకుండా తుడిచి, కొమ్మను వారం పది రోజులు నీడన ఉంచుతారు. కోసినచోటు ఎండి గట్టిపడేదాకా మట్టి తగలనివ్వరు. పచ్చిగా పాతితే కుళ్లిపోతుంది. తర్వాత ఎర్రమట్టిలో ఇసుక బాగా కలిపి నాటి, నీళ్లు పొదుపుగా పోస్తారు. ఇంటివాళ్లు ప్రేమకొద్దీ రోజూ బకెట్టు పట్టుకొస్తారు. "ఆగండమ్మా, ముందు చిగురు రానీండి" అని ఆపేది తోటమాలే. నా దృష్టిలో ఈ ఆగడమే అసలు విద్య.

వానల్లో ఆకు అడుగున నారింజరంగు పొడి కనబడితే తుప్పు తెగులు. ఆ ఆకుల్ని ఏరి దూరంగా పారేస్తారు.

పూలలో తేనె ఉండదు. రాత్రిపూట పరిమళంతోనే చిమ్మటలను రప్పించుకుంటాయి.

వేసవి కత్తిరింపులో తుపానుకు ముందుజాగ్రత్త కూడా ఉంది. తలబరువైన కొమ్మలు తగ్గుతాయి, కోసినవి పక్కింటివాళ్లకు మొక్కలవుతాయి.