కాశీని చూశాం, సుమతిని చూడలేదు

నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న వచ్చింది. అందులో ఏం నచ్చిందని మన పిల్లలను అడిగితే ఎక్కువమంది బుజ్జి అంటారు. బుజ్జి మనిషి కాదు, భైరవ నడిపే బండి. ఆరు టన్నుల బరువుతో దాన్ని నిజంగానే తయారు చేయించారు. కీర్తి సురేష్ గొంతు ఇచ్చింది. అలకలు, ఎత్తిపొడుపులు, స్నేహం అన్నీ దానికి ఉన్నాయి. దాదాపు మూడు గంటల సినిమాలో ఆ యంత్రానికి దొరికినంత స్వభావం చాలామంది మనుషులకు దొరకలేదు. నా పేచీ అక్కడే.

కంటికి చేసిన హంగంతా దండగని అనను. ఎండిపోయిన గంగ, దుమ్ము పట్టిన కాశీ, పైన తలకిందులు చేసిన పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్. భూమి మీది నీళ్లు, పచ్చదనం అన్నీ దాని లోపలికే పోయాయి. సామాన్యుడు అందులో అడుగు పెట్టాలంటే పది లక్షల యూనిట్లు సంపాదించాలి. గోదావరికి దగ్గరలోనే ఉండి చెలిమె తవ్వుకొని నీళ్లు తెచ్చుకునే గూడెం పిల్లకు ఈ దృశ్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. ఇక్కడ బొమ్మే మాట్లాడింది. రెండో సగంలో పోరాటాలు మొదలయ్యాక బొమ్మ అరుస్తుందే గాని మాట్లాడదు.

అసలు కథ సుమతిది. ప్రయోగశాలలో ఆమెకు పేరు కూడా లేదు, ఎస్‌యూఎం-80 అనే అంకె మాత్రమే. సుప్రీం యాస్కిన్ కోసం ఆడవాళ్ల గర్భాల నుంచి సారం లాగే చోటు అది. అక్కడ కడుపు దాచుకొని బతికిన మనిషి ఎంత భయపడి ఉండాలి, ఎంత తెలివిగా మసలి ఉండాలి! దీపికా పదుకొణె కళ్లలో ఆ భయం కొంత కనిపిస్తుంది. కానీ కథ ఆమెను ఏమీ అడగదు. ఆ బిడ్డ కావాలని ఆమె కోరుకుందా? పేరు వచ్చిన రోజు ఏమనుకుంది? అందరూ ఆమె కడుపు గురించి మాట్లాడతారు, దాని కోసమే కొట్లాడతారు. ఆమె మంటల్లో నడిచి రావడం చూసి హాలంతా ఈలలు వేసింది. ఆ అడుగు వేసే ముందు మనసులో ఏముందో మనకు తెలియదు. అన్నా బెన్ వేసిన కైరా కాసేపే ఉన్నా గుర్తుంటుంది, ఏం చేయాలని బయలుదేరిందో మనకు తెలుసు గనుక.

అమితాబ్ బచ్చన్ అశ్వత్థామకు లోతు లేదా అంటే, ఉంది. అయితే అందులో ఎక్కువ భాగం మహాభారతం నుంచి తెచ్చుకున్నదే. శాపం, పశ్చాత్తాపం మనకు ముందే తెలుసు కాబట్టి తెర మీద ఆయన నిలబడితే చాలు. చివర్లో భైరవను కర్ణుడని చూపడం కూడా ఇలాంటి బదులే. అంతవరకు కాంప్లెక్స్‌లోకి పోవాలన్న ఆశ తప్ప అతనికి ఇంకేమీ ఇవ్వలేదు. ఇంకొకటి అడగాలి. ఆ ఇతిహాసం నుంచి అశ్వత్థామ వచ్చాడు, అర్జునుడు వచ్చాడు, కర్ణుడు వచ్చాడు. బొటనవేలు ఇచ్చిన ఏకలవ్యుడు రాలేదు. (మన గురుకులాలకు మాత్రం ఆయన పేరు బాగానే పెట్టారు.)

1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో ఇంత డబ్బూ లేదు, ఇన్ని కంప్యూటర్లూ లేవు. కాలయంత్రం ఇప్పుడు చూస్తే ఆటబొమ్మే. అయినా కృష్ణదేవరాయల కాలంలోకి పడ్డ మనుషుల తికమక, నవ్వు ఇప్పటికీ పాతబడలేదు. ఆయన సలహా 'కల్కి'కీ ఉంది. పైగా సావిత్రి జీవితాన్ని 'మహానటి'గా 2018లో అంత దగ్గరగా చూపింది కూడా ఈ నాగ్ అశ్వినే. కాబట్టి చేతకాక అనలేం.

మన పర్ధాన్ కళాకారుడు కీక్రి ఒక్కటి పట్టుకొని గుహలో బందీలైన దేవుళ్ల కథ చెబుతాడు. లింగో, జంగుబాయి కళ్ల ముందుకు వస్తారు. వెనుక పరదా ఉండదు, గుహ కనిపించదు. దాన్ని వినేవాళ్లే కట్టుకుంటారు. సినిమా అలాగే ఉండాలని కాదు, దాని పని వేరు. కానీ ఎవరికి ఏమైందో తెలియకుండా గుహను మాత్రం కట్టి చూపిస్తే రాత్రంతా ఎవరు కూర్చుంటారు?

టీచర్లు దీన్ని తరగతిలోకి తేవచ్చు. బుజ్జి బొమ్మ వేయనివ్వండి, బాగానే వేస్తారు. ఆ తర్వాత ప్రయోగశాలలో సుమతి గడిపిన ఒక్క రోజును ఆమె మాటల్లోనే రాయమనండి, గోండిలో గాని, కొలామీలో గాని, తెలుగులో గాని.