లక్ష్మాగౌడ్ కంచుశిల్పములు - జానపద ప్రభావ విచారము

జానపద ప్రభావమను మాటను మన కళావిమర్శకులు చాలకాలముగా అదుపు లేక వాడుచున్నారు. తలపాగ గల పురుషుడో, ముక్కుపుడక గల స్త్రీయో కనబడినచో చాలును, ఆ కృతి జానపదమగుచున్నది. కె. లక్ష్మాగౌడ్ కంచుశిల్పములను గూర్చియు ఈ మాటయే వినవచ్చుచుండును. అందు సత్యమెంతయో పరీక్షింపవలసియున్నది.

లక్ష్మాగౌడ్ 1940లో మెదకు జిల్లా నిజాంపూరున జన్మించిరి. హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, 1963లో బరోడా చేరి, కె. జి. సుబ్రహ్మణ్యన్ శిష్యులై కుడ్యచిత్రణమును, ముద్రణకళను నేర్చిరి. పిమ్మట గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమున సరోజినీ నాయుడు కళాపాఠశాలలో ఆచార్యులైరి. 2016లో పద్మశ్రీ నందిరి. ఇవి తెలిసిన విషయములే. విమర్శకుడు గమనింపదగినది వేఱొకటి కలదు: వీరికి లోహముతోడి పరిచయము శిల్పముతో మొదలైనది కాదు. ఎచ్చింగు పద్ధతిలో లోహపు రేకుపై మైనము కలిసిన పూత పూసి, సూదితో గీసి, ఆమ్లమున ముంచుదురు. పూత లేచినచోట ఆమ్లము లోహమును తినును. ఆ గాడియే రేఖ. 1970 ప్రాంతమున వీరికి కీర్తి తెచ్చిన నలుపు తెలుపు చిత్రములలోని మేకలు, చెట్లు, సిగ్గెఱుగని స్త్రీపురుషులు ఇట్టి గాళ్లనుండి లేచినవారే.

ఇక ఆదిలాబాదు ఓజాల డోక్రా పనిని చూడుడు. వారు మట్టిముద్దపై మైనపు దారములను చుట్టి రూపము తీర్తురు. దానిపై మెత్తని మట్టిని, ఆపై ముతకమట్టిని మెత్తి కాల్తురు. మైనము కరగిపోయిన ఖాళీలో కరగిన ఇత్తడి పోయుదురు. మూసను పగులగొట్టినగాని బొమ్మ బయటపడదు, కావున ఒకదానివలె మఱియొకటి యుండదు. ఇచ్చట రేఖ ఉబ్బెత్తుగా నిలుచును. లక్ష్మాగౌడ్ కంచుతలలందో, వెండ్రుకపాయయు కనుబొమయు ప్రాయికముగా లోనికి గీసిన గీతలే. ఈ తలలకు పూర్వులు ఓజాల బొమ్మలు కావు, ఆయన రాగిరేకులే యని నా తలంపు.

బంగాళమునకు చెందిన మీరా ముఖర్జీ (1923-1998) మార్గము వేఱు. ఆమె బస్తరు కంచరుల చెంతకేగి వారి పోతపనిని నేర్చి, ఆ పద్ధతినే తన పెద్ద విగ్రహములకు పెంచుకొనెను. ఆమె గ్రహించినది పని. లక్ష్మాగౌడ్ తెచ్చుకొన్నది జ్ఞాపకము. రెంటిని ఒకే మాటతో చెప్పుట విమర్శలో సోమరితనము.

జ్ఞాపకమునకు ఒక ప్రమాదము కలదు. 1992లో మాదాపురమున శిల్పారామమును, 1998లో దాని చెంతనే సైబర్ టవర్సును వెలసినవి. నాటినుండి ఆ ప్రాంతపు కార్యాలయముల ముంగిళ్లలో పల్లె యనునది అలంకారమైనది. (ఆ భవనములు లేచిన నేలయు మొన్నటివఱకు పల్లెయే.) అట్టి ముంగిట నిలిపినను లక్ష్మాగౌడ్ కంచుతలలు ఎవరిని కలవరపెట్టవు, చూపులు నెమ్మదిగానుండును, పెదవులు కుదురుగానుండును. పూర్వపు ఎచ్చింగులను అట్లు వ్రేలాడదీయుట సాధ్యము కాదు. వానిలోని పల్లెకు ఆకలియు కామమును భయమును కలవు. కంచులో పనితనము పెరిగినది, కాని ఆ కాక చల్లారినది. మేకల బొమ్మలందు మాత్రము, కొమ్ముల వంపున, మెడ త్రిప్పుటలో, ఆ పాత సూదిమొన మరల తగులును.