‘పెద్దలకు మాత్రమే’ అన్నదానికి సమీక్ష రాయడం

పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో నడిచే వినోద వెబ్‌సైట్ల మీద సమీక్ష రాయడం తెలుగులో ఇంకా మర్యాద సంపాదించుకోని పని. అయితే శృంగార రచనను చదివి దాని గుణదోషాలను నలుగురికీ చెప్పే విమర్శ మాత్రం తెలుగువారికి కొత్తది కాదు. అది ఒకసారి ఒక కావ్యాన్ని పోలీసుల చేతికి అప్పగించేదాకా కూడా వెళ్లింది. ఈ రకం సమీక్ష ఎక్కడ దారి తప్పుతుందో, ఎక్కడ పాఠకుడికి అక్కరకు వస్తుందో తెలుసుకోవాలంటే ముందు ఆ పాత కేసును తిరగేయడమే మేలు.

తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుడి కాలంలో (1739-63) ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ నాలుగు ఆశ్వాసాలలో 584 పద్యాలున్న శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరువాత విరహం పట్టలేక అలగడం, కృష్ణుడు వచ్చి ఆమెను బుజ్జగించడం ఇందులోని కథ. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ఈ కావ్యం ప్రస్తావన తెచ్చినప్పుడు, ఇందులో స్త్రీలు వినడానికైనా తగని భాగాలు ఉన్నాయని తీర్పు చెప్పి, దానితో పాటు కవయిత్రి వేశ్యావృత్తిని కూడా ఎత్తిచూపాడు. తీర్పు చెప్పడం విమర్శకుడి హక్కే కనుక మొదటి మాటతో పేచీ లేదు. రెండో మాట మాత్రం పుస్తకాన్ని వదిలేసి మనిషిని పట్టుకుంది.

దీనికి జవాబు చెప్పినవారు గాయని బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). 1910లో వావిళ్ల వారి ద్వారా ఈ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయిస్తూ ఆమె రాసిన పీఠికను, శృంగార రచన మీద తెలుగులో వచ్చిన నిక్కమైన సమీక్షలలో మొదటి వరుసలో నిలపవచ్చు. 1887 నాటి అచ్చు ప్రతిలో కొన్ని భాగాలు ఎగిరిపోయాయని గమనించి, ఆమె వ్రాతప్రతి సంపాదించి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. అంటే, ఏది ఉంది, ఏది లేదు అన్నది తేల్చుకున్న తరువాతే అభిప్రాయానికి దిగారు. ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనిపిస్తుందని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. ఆ తరువాత అదే జాతి రచనలను పోలికకు తెచ్చి, ఇంతకు తగ్గని శృంగారం ఉన్న ‘వైజయంతీ విలాసము’ను స్వయంగా పరిష్కరించి ప్రచురణకు ఒప్పుకున్న వీరేశలింగానికి ఇక్కడ మాత్రమే అభ్యంతరం ఎందుకొచ్చిందని, సిగ్గు అన్నది ఆడవారికే గాని మగవారికి అక్కరలేదా అని నిలదీశారు. విమర్శలో కోపం ఉన్నా తూకం తప్పకపోవడం ఎలాగో ఈ పీఠిక చదివితే తెలుస్తుంది.

ఆ పుస్తకం మీద ‘శశిలేఖ’లో వచ్చిన సమీక్ష ఇందుకు పూర్తిగా ఎదురు. ఒక వేశ్య రాసింది, మరొక వేశ్య అచ్చు వేయించింది అన్నదే దాని సారాంశం. పద్యాలు ఎలా నడిచాయో, కథ ఎక్కడ కుంటుపడిందో ఆ సమీక్ష చదివినవాడికి తెలిసే వీలు లేదు గాని, రాసినవాడు తనను తాను ఎంత శీలవంతుడనుకుంటున్నాడో మాత్రం బాగానే తెలుస్తుంది. ఇలాంటి మాటలు పేరుకోగా పేరుకోగా 1911లో మద్రాసు ప్రభుత్వం ప్రతులను జప్తు చేసింది. పండితులు మహజరులు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1947లో నిషేధం ఎత్తివేశారు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు.

ఈ గొడవ అంతటిలోనూ ‘అశ్లీలం’ అన్న మాట విరివిగా వినబడింది గాని, అలంకారశాస్త్రం దానికి పెట్టిన కొలతలు పెద్దగా ఎవరికీ గుర్తుకు వచ్చినట్టు లేదు. మమ్మటుడి ‘కావ్యప్రకాశం’ వంటి లక్షణ గ్రంథాల ప్రకారం అశ్లీలం ఒక కావ్యదోషం, అది మూడు విధాలు: సిగ్గు కలిగించేది వ్రీడ, రోత పుట్టించేది జుగుప్స, అశుభాన్ని స్ఫురింపజేసేది అమంగళం. అంతేకాదు, సందర్భం ప్రణయ గోష్ఠి అయినప్పుడు మొదటిది దోషం కాకపోగా గుణమే అవుతుందని కూడా ఆ శాస్త్రమే ఒప్పుకుంది. బూతు అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే నేటి సమీక్షకుడు, తాను సిగ్గుపడ్డాడా, రోత పడ్డాడా, లేక చూపిన సంగతికీ సందర్భానికీ పొంతన కుదరక ఇబ్బంది పడ్డాడా అని ముందు తనను తాను ప్రశ్నించుకుంటే, రాసే వాక్యం దానంతటదే నిర్దిష్టమవుతుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమకు శృంగార రచన గానీ, దాని మీద విమర్శ గానీ పరాయివి కావు. ‘మైదానం’ రాసి దుమారం రేపిన చలం పెరిగింది తెనాలిలో. సాహిత్యాన్ని నిర్మొహమాటంగా తూచిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది (1909) తెనాలిలో. కామశాస్త్ర విషయాలను పత్రికకు ఎక్కించిన ‘అభిసారిక’తో పేరు ముడిపడిన ధనికొండ హనుమంతరావు ఈ ప్రాంతం వాడే. ఆ పత్రిక తరువాత సామర్లకోటలో సంపాదకుడు రాంషా చేతికి వెళ్లి, పెద్దల సందేహాలకు ప్రశ్నలు జవాబుల రూపంలో చాలాకాలం సమాధానమిచ్చింది. దాన్ని బాహాటంగా వెక్కిరించి చాటుగా చదివినవారు ఎందరో లెక్కలేదు. చాటుగా చదివేదానికి సమీక్ష బాహాటంగా రాయవలసి రావడమే ఈ పనిలోని అసలు చిక్కు.

అచ్చు పుస్తకం నుంచి వెబ్‌సైటుకు వచ్చేసరికి సమీక్షకుడి బాధ్యత మరింత బరువెక్కుతుంది, ఎందుకంటే పుస్తకం చదివేవాడి దగ్గర ఒక్కసారి డబ్బు తీసుకుని ఊరుకుంటుంది; వెబ్‌సైటు మాత్రం డబ్బుతో పాటు ఫోన్ నంబరు, ఈమెయిల్, చూసిన వాటి చిట్టా కూడా తీసుకుని, నెల నెలా ఖాతాలోకి చెయ్యి పెడుతుంది. మూడు రోజులు ఉచితం అని పెద్ద అక్షరాల్లో ఉన్న పేజీ అడుగున, గడువు దాటితే పూర్తి నెల రుసుము ఆటోపే ద్వారా కోత పడుతుందన్న సంగతి బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంటుంది. రద్దు చేసుకునే మీట ఎన్ని పేజీల లోపల ఉందో, బ్యాంకు స్టేట్‌మెంటులో ఏ పేరు పడుతుందో రాయని సమీక్ష, దృశ్యాల నాణ్యత గురించి ఎంత రాసినా సగం సమీక్షే. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం, ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం వెళ్లాలి. ఇది వినియోగదారుకు రక్షణే. కాకపోతే రేపల్లెలో ఉమ్మడి కుటుంబంలో ఉండే కొడుకు వాడే ఖాతాకు నాన్న ఫోన్ నంబరు జోడించి ఉంటే, ఆ సందేశం ముందు ఎవరి చేతిలో పడుతుందో చెప్పడం కూడా ఇక్కడి సమీక్షకుడి పనిలో భాగమే. లండన్‌లో కూర్చుని రాసేవాడికి ఈ ఊహ రాదు.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న తెర మీది మనుషుల గురించి: వారు ఒప్పుకునే వచ్చారా? కొత్త అమ్మాయిలు, మొదటిసారి అన్న ప్రచారంతో నడిచిన ‘గర్ల్స్ డు పోర్న్’ అన్న అమెరికా సంస్థ, తీసిన వీడియోలు ఇంటర్నెట్‌లోకి రావని చెప్పి నమ్మించి మోసం చేసిందని 22 మంది స్త్రీలు దావా వేయగా, 2020 జనవరిలో శాన్ డియేగో న్యాయస్థానం వారికి సుమారు 1.27 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. సహజంగా ఉంది, కృత్రిమత్వం లేదు అని అలాంటి సైటును మెచ్చుకుంటూ రాసిన సమీక్ష ఏదైనా ఉంటే, అది ఆ మోసానికి తెలియకుండానే అడ్వర్టైజ్‌మెంటు అయిందన్నమాట. అదే ఏడాది డిసెంబరులో, సమ్మతి లేని వీడియోల మీద పత్రికా కథనం వచ్చాక కార్డు కంపెనీలు చెల్లింపులు ఆపితేగాని, పోర్న్‌హబ్ తనిఖీ కాని లక్షలాది వీడియోలను తొలగించలేదు. నటుల వయసు, గుర్తింపు, సమ్మతి పత్రాలు సంస్థ ఎలా తనిఖీ చేస్తుంది, బాధితులు ఫిర్యాదు చేస్తే వీడియో తీసేయడానికి మార్గం ఉందా అన్నవి చూడకుండా మార్కులు వేయడం అన్యాయం.

మార్కులు వేసేవాడికి ఎవరు డబ్బిస్తున్నారన్నది మరో సంగతి. పాఠకుడు చేరిన ప్రతిసారీ కమీషన్ పుచ్చుకునే సమీక్షకులు ఈ రంగంలో చాలామంది. ఆ లావాదేవీ ఉన్నప్పుడు దాన్ని స్పష్టంగా వెల్లడించాలని 2022లో కేంద్రం తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద తెచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వెల్లడించనివాడి సమీక్ష కన్నా, ఆ సైటు ప్రకటన చదువుకోవడమే నయం.

చట్టం సంగతికి వస్తే, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్, అశ్లీల వస్తువును అమ్మడాన్నే కాదు, అది ఎవరి దగ్గర దొరుకుతుందో ఏ విధంగానైనా తెలియజేయడాన్ని కూడా నేరంగా చూస్తుంది. ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్ల కింద ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురణకు మొదటి నేరానికే వరుసగా మూడేళ్ల దాకా, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఏది అశ్లీలం అన్న కొలత మాత్రం మారుతూ వచ్చింది: 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ సూత్రం, చెడిపోయే అవకాశమున్న మనసులను దృష్టిలో పెట్టుకునేది; దాన్ని 1964లో రంజిత్ ఉదేశి కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది; 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని పక్కన పెట్టి, రచనను మొత్తంగా, సమకాలీన సమాజపు ప్రమాణాలతో చూడాలని అదే న్యాయస్థానం చెప్పింది. చట్టం ఇలా ఉంది కనుక బాపట్లలో కూర్చుని రాసే సమీక్షకుడు చిరునామాలు, లింకులు ఇచ్చే పని జోలికి వెళ్లకపోవడమే క్షేమం. 2025 జులైలో ఉల్లూ, ఆల్ట్ సహా 25 వేదికలను ప్రభుత్వం నిలిపివేసిన తరువాత వాటి చిరునామాలు పనికొచ్చేవి కూడా కావు. ఇక మిగిలేవి మోసం మీద హెచ్చరిక, సమ్మతి మీద ఆరా, ధర మీద నిక్కచ్చి లెక్క, కళ ఉంటే కళ మీద అభిప్రాయం. పాఠకుడికి కావలసినవీ అవే.

ఇలాంటి సమీక్ష రాసేవారు దాని కింద మరో రెండు వాక్యాలు తప్పక చేర్చాలి. సొంత చిత్రాలతో ఎవరైనా బెదిరించినా, డబ్బు లాగినా 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు. స్త్రీలు, పిల్లలకు సంబంధించిన అశ్లీల చిత్రాల మీద జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.