ముద్దమాట ముద్దుమాట కాదు

గుమ్మఘట్టలో మా చిన్నమ్మ ఇంటి వసారాలో కూచుని బుడ్డలు ఒలుస్తున్నాం. పక్కన మంచం మీద మా తమ్ముడు. చిన్నమ్మ కొడుకు, ముప్ఫై ఆరేళ్ళవాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు.

"ఏరా, బాగున్నావా?" అన్నాను.

వాడు నోరు తెరిచేలోగా చిన్నమ్మే "బాగుండాడు లేమ్మా" అనేసింది.

ముప్ఫై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో జరుగుతున్నది అదే. నేను చేసింది ఇంకా ఘోరం. పదిహేనేళ్ళ కిందట వీణ్ణి నా నవలలో పెట్టేశాను. 'క'ను 'త' చేసి, ప్రతి మాటా ముద్దొచ్చేలా పలికించాను. ఎన్ని ఉత్తరాలో! చదివి ఏడవని వాళ్ళు లేరట. చిన్నమ్మ మాత్రం ఒకే ఒక్క మాటంది. "నీ కతలో వాడు ఎప్పుడూ నవ్వుతానే ఉంటాడు కదమ్మా. మావానికి కోపం రాదా?"

ఈ పాపం నా ఒక్కదానిదే కాదు లెండి. 1986లో వచ్చిన 'స్వాతిముత్యం' మనమంతా ఎన్నిసార్లు చూశాం! కమలహాసన్ నటనకు వంక పెట్టను. ఆ శివయ్యది డౌన్ సిండ్రోమ్ అనీ అనను. కానీ ఎదిగిన మగవాడి పసితనం చూసి కరిగిపోవడం మనకు అలవాటైంది. నాబోటి రచయిత్రులు ఆ కరుగుదలనే కథల్లోకి ఒంపుకున్నారు.

2021లో మలయాళంలో 'తిరికే' అనే సినిమా వచ్చింది. అన్నదమ్ముల కథ. డౌన్ సిండ్రోమ్ ఉన్న పాత్రను అదే సిండ్రోమ్ ఉన్న గోపీకృష్ణన్ వర్మ వేశాడు. భాష రాకపోయినా కింద అక్షరాలు చదువుకుంటూ చూశాను. అనుకరించిన ముద్దమాట ఎప్పుడూ ప్రేక్షకుడికి నచ్చేచోటే తడబడుతుంది. ఇక్కడ అలా కాదు. ముఖం అతనిది, శ్రమా అతనిదే. చూస్తున్నంతసేపూ నా నవల గుర్తొచ్చి సిగ్గేసింది.

అసలు ఆ మాట ఎందుకు ముద్దగా వస్తుందో నవల రాసేనాటికి నేను కనుక్కోనే లేదు. ఇరవై ఒకటో క్రోమోజోము రెండుండాల్సింది మూడుంటుందని 1959లోనే పారిస్‌లో తేల్చారు. కండరాల్లో బిగువు తక్కువ, నోటిలో చోటు తక్కువ. చాలామందికి వినికిడీ మందమే. వాళ్ళకు అర్థమయ్యేది ఎక్కువ, చెప్పగలిగేది తక్కువ. అమెరికా లెక్కల్లో 1983లో వాళ్ళ సగటు ఆయుష్షు 25 ఏళ్ళు, ఇప్పుడు 60 దాకా వచ్చింది. మరి పెద్దయ్యాక కూడా మాట నేర్పించాలా, వద్దా?

బెంగుళూరులో మాట నేర్పే అమ్మాయి ఒకామె మావాణ్ణి చూసింది. ముందు చెవులు పరీక్ష చేయించమంది. చేయిస్తే తేలింది, కుడిచెవి సరిగా వినపడదట! ఇన్నేళ్ళూ మనం "మొద్దు" అన్నది దాన్నే. చిన్నమ్మ సంచిలోంచి ఏనుగు, చిలక బొమ్మల పుస్తకం తీస్తే ఆ అమ్మాయి పక్కన పెట్టేసింది. బస్సు, అంగడి, టీ, కడుపునొప్పి, "వద్దు"... వాడికి రోజూ కావలసినవి ఇవీ అంది. ఒక్కో అక్షరానికీ బల్లమీద వేలితో కొడుతూ నిదానంగా పలికించింది. అసలు వైద్యం చిన్నమ్మకు చేసింది. వాణ్ణి ఏదైనా అడిగితే ఈమె మనసులో పది లెక్కపెట్టాలి. అంతవరకూ నోరు విప్పకూడదు.

చిన్నమ్మకు పది లెక్కపెట్టడమంటే బోరు దగ్గర బిందె పట్టుకుని గంట నిలబడ్డం కన్నా కష్టం! ఇప్పటికీ ఆరు దగ్గరే జారిపోతుంది. మొన్న అలాగే జారబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా... నువ్వుండు. నే...ను చెప్తా."

'క' ఇంకా తిరగలేదు. 'చెప్తా' మాత్రం స్పష్టంగా ఉంది. అందులో కోపం కూడా ఉంది.

నా నవల రెండో ముద్రణకు వెళుతోంది. ఆ పాత్ర మాటలున్న పేజీలు వాడి ఎడమచెవి వైపు కూచుని చదివి వినిపించాను. వాడు చివరిదాకా విన్నాడు. నేను పది లెక్కపెట్టాను.

"నే...నిట్లా మాట్లాడ," అన్నాడు.

ప్రచురణకర్త రెండుసార్లు ఫోను చేశాడు. పేజీలింకా పంపలేదు.