గోరుతో గీకితే తెలిసే పని

పొద్దున్నే పళ్లు తోముకునే బ్రష్షును రేపు ఒక్క నిమిషం పరీక్షగా చూడండి. కాడంతా గట్టి ప్లాస్టిక్. బొటనవేలు ఆనే చోట మాత్రం రంగు మారి, మెత్తగా, తడి చేతికి కూడా జారకుండా ఉంటుంది. ఆ రెండూ కలిసే అంచును గోరుతో గీకండి. పని తెలిసినవాళ్లు చేసిన బ్రష్షయితే నెలల తరబడి వాడినా ఆ అంచు లేవదు. నాసిరకందైతే పొర లేచి, దాని కింద పేస్టు, నీళ్లు చేరి నల్లగా పేరుకుంటాయి. ఈ వారం ఆ అంచు గురించే.

గట్టి ముక్కను డైలో, అంటే అచ్చులో పెట్టి, దాని మీదికి మెత్తటి ప్లాస్టిక్‌ను కరిగించి ఎక్కించడాన్ని మా పనిలో ఓవర్‌మోల్డింగ్ అంటారు. స్క్రూడ్రైవర్ పిడి, డ్రిల్ మెషిన్ పట్టు ఇలా తయారయ్యేవే. మా మహేశ్వరం మండలంలో, రావిర్యాల దగ్గరి ఈ-సిటీలో టీవీలు తయారవుతున్నాయి. ఏ టీవీకైనా వచ్చే కరెంటు తీగ చివరి ప్లగ్గులోనూ ఇదే పని చూడొచ్చు. ఇత్తడి పిన్నులను కదలకుండా పట్టుకున్న గట్టి ముక్క లోపల ఉంటుంది, దాన్నీ తీగ మెడనూ కలిపి కప్పేసిన మెత్తటి పీవీసీ పైన ఉంటుంది. మెడ దగ్గర గాట్లు గాట్లుగా కనిపించే భాగం అందం కోసం పెట్టింది కాదు. తీగను వంచినప్పుడు ఆ వంపు ఒకే చోట పడకుండా పంచి, లోపలి రాగి పోగులు తెగకుండా కాచేది అదే. మరలు బిగించే పాత ప్లగ్గుల్లో తీగ సరిగ్గా ఆ మెడ దగ్గరే ఊడేది. నల్ల టేపు చుట్టుకుంటూ నెట్టుకొచ్చిన ఇళ్లే మనవన్నీ.

ఓవర్‌మోల్డింగ్‌లో సాధారణంగా జిగురు వాడరు. మరి పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? బ్రష్షు కాడకు ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్, మోల్డింగ్ షాపుల్లో పీపీ అంటాం. అది సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మీదికి వచ్చే మెత్తటి ప్లాస్టిక్ దాణా (గింజలు), అంటే టీపీఈ, కరిగి దాదాపు 200 డిగ్రీల వేడితో డైలోకి దూసుకొస్తుంది. ఆ వేడికి పీపీ పైచర్మం క్షణకాలం మెత్తబడుతుంది. రెండింటి అణువుల పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, అలాగే చల్లారి గట్టిపడతాయి. ఈ రకం టీపీఈలో రబ్బరు గుణమున్న ఎస్‌ఈబీఎస్‌తో పాటు నూనె, కొంత పీపీ కూడా కలిపి ఉంటాయి. అంటే లోపల ముందే చుట్టరికం ఉంది, అందుకే కలిసిపోతాయి. అదే దాణాను ఏబీఎస్ అనే ఇంకో గట్టి ప్లాస్టిక్ మీద కొడితే చూపుకు అతికినట్టే ఉంటుంది, లాగితే తొక్కలా ఊడొస్తుంది. ఏబీఎస్‌కు దానికి తగ్గ ప్రత్యేక రకం కావాలి, లేదంటే టీపీయూ అనే మరో మెత్తటి ప్లాస్టిక్ కావాలి. టీపీయూకేమో గాలిలోని తేమ పీల్చుకునే గుణం. వాడేముందు గంటల తరబడి డ్రయర్‌లో ఆరబెట్టకపోతే బుడగలు లేస్తాయి.

రెండు రంగుల మెషిన్ ఉన్నచోట గట్టి ముక్క తయారైన వెంటనే, ఆ వేడి మీదే డై సగం చుట్టు తిరిగి మెత్తటి షాట్, అంటే రెండో పోత, పడుతుంది. చిన్న షాపుల్లో అలా కాదు. పొద్దున కొట్టిన పీపీ ముక్కలు ట్రేలో ఉంటాయి, మధ్యాహ్నం షిఫ్టులో ఆపరేటర్ ఒక్కొక్కటీ చేత్తో డైలో పెడతాడు. అక్కడ చూడాల్సింది అతని చేతులను. ఉతికిన నూలు గ్లవ్స్ వేసుకుని, మెత్తటి పొర పడే చోటును తాకకుండా ముక్కను రెండు కొసల దగ్గర పట్టుకుంటే అతనికి పని తెలుసన్నమాట. వేలి జిడ్డు, రోడ్డు దుమ్ము, ముక్క త్వరగా ఊడటానికి డైలో కొట్టిన సిలికాన్ స్ప్రే, వీటిలో ఏదున్నా పట్టు పోయినట్టే. డై గీసేవాళ్ల బాధ్యత ఇంకొకటి ఉంది. మెత్తటి పొర అంచు పలచబడుతూ కాగితంలా ముగియకూడదు. గట్టి ముక్కలో చిన్న గాడి తీసి, నిటారుగా ఉన్న గోడ దగ్గర పొర ఆగాలి. గోరుకు దొరికే అంచు ఎప్పటికైనా లేస్తుంది.

ముక్క బాగుందో లేదో మెరుపు చూసి చెప్పలేం. చల్లారాక అంచు దగ్గర కోసి, ప్లయర్‌తో పట్టి లాగాలి. మెత్తది మధ్యలో చిరిగి, గట్టిదాని మీద కొంత మిగిలిపోతే పట్టు ఆ పదార్థం కంటే బలంగా ఉందని అర్థం. శుభ్రంగా ఊడొచ్చి కింద నున్నగా మెరిస్తే ఆ బ్యాచ్ మొత్తాన్ని ఆపాలి.

ఇంత శ్రమ ఎవరి కోసం? 1990లో అమెరికాలో ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో వంటింటి పనిముట్లు వచ్చాయి. వాటిని తెచ్చిన సామ్ ఫార్బర్ భార్య బెట్సీకి కీళ్లవాతం. పీలర్ పట్టుకోవడానికి ఆమె పడుతున్న ఇబ్బందిలోంచే శాంటోప్రీన్ అనే మెత్తటి పదార్థంతో లావుపాటి పిడి ఆలోచన పుట్టింది. ఆమె చేతికి కుదిరింది అందరి చేతికీ కుదిరింది. మన ఇళ్లలో వేళ్లు వంకర్లు పోయినా దోసకాయ చెక్కు తీసే అమ్మమ్మలు ఎంతమంది లేరు? రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పే ఎలక్ట్రీషియన్ల అరచేతులు ఎలా కాయలు కాసి ఉంటాయో తెలియందా? మెత్తటి పట్టును నేను సోకుగా చూడలేను.

పిడిని వాడి పారేసినంత మాత్రాన కథ అయిపోదు. శంషాబాద్ నుంచి హైదరాబాద్ సిటీకి వెళ్లే దారిలో కాటేదాన్ ఉంది. పాత ప్లాస్టిక్‌ను ఏరి, ముక్కలు చేసి మళ్లీ దాణాగా మార్చే పని అక్కడ జరుగుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ముక్కను నీళ్లలో వేసి పోల్చుకుంటారు. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. కాల్చి, వాసన చూసి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏబీఎస్ మీద పొత్తు కుదరని మెత్తటి పొర ఉన్న పిడి వాళ్ల చేతికొస్తే ఒక్కొక్కదాని పొర ఊడబెరుకుతూ కూర్చోవడం గిట్టుబాటు కాదు, విడదీయకుండా గ్రైండ్ చేస్తే సరుకు పాడవుతుంది. పీపీ మీద దాని చుట్టమైన టీపీఈ ఉన్నదైతే రెండింటినీ కలిపే గ్రైండ్ చేసి, నాజూకు అక్కరలేని వస్తువులకు వాడుకోవచ్చు. చేతిలో ఉన్నన్నాళ్లూ ఊడకుండా కాచిన ఆ చుట్టరికమే చివర్లో చెత్తకుప్పను కూడా తప్పిస్తుంది.

ప్లాస్టిక్ పని నేర్పే చర్లపల్లి సిపెట్‌లోనో, డై తయారీ నేర్పుతూ 1968 నుంచి నడుస్తున్న బాలానగర్ సీఐటీడీలోనో చదివి ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. రంగు, మెరుపు, ధర తర్వాత చూద్దాం. మొదటి గీత గీసేముందే రెండు దాణాల పొత్తు తేల్చండి. కుదరని జోడీని ఏ మెషినూ, ఎంత ఖరీదైన డైయూ నిలబెట్టలేవు. షాపు యజమానులకూ ఒక మాట. ప్రతి షిఫ్టులో కొన్ని ముక్కలను కోసి, లాగి పాడు చేయనివ్వండి. అది నష్టం కాదు. ఆ పిడి పట్టుకోబోయే మనిషికి మీరు చెల్లించాల్సిన బాకీ.