తూము దగ్గర కొలతా, గట్టు వెంట కొలతా

అయస్కాంత పొరలో ఒక చోట ఎలక్ట్రాన్ స్పిన్‌ను కదిపితే ఆ కదలిక పక్క స్పిన్‌కు, అక్కడి నుంచి ఆ పక్కదానికి పాకుతుంది. ఫెలిక్స్ బ్లాక్ 1930లో ప్రతిపాదించిన ఈ స్పిన్ తరంగంతో విద్యుత్తు పారకుండానే సమాచారం పంపవచ్చు. కానీ ఎంత దూరం? నాగార్జునసాగర్ కుడి కాలువ కింద దర్శి రైతు అడిగేదీ ఇదే: వదిలిన నీటిలో చివరి భూమికి చేరేదెంత?

కొలవడానికి రెండు దారులున్నాయి. పొర మీద రెండు సన్నని యాంటెనాలు పెట్టి, ఒకదానితో మైక్రోవేవ్ పంపి, రెండోదానితో అందుకోవడం తూము దగ్గరా చివరా కొలవడం లాంటిది. లేజర్ చుక్కను పొర వెంట జరుపుతూ, చెదిరిన కాంతి పౌనఃపున్యంలో వచ్చే స్వల్ప మార్పును పట్టుకోవడం గట్టు వెంట నడవడం లాంటిది. ఈ రెండోది బ్రిల్లుయిన్ పరిక్షేపణం, రామన్ ఫలితానికి తోబుట్టువు. కాంతి పరిక్షేపణం మీద భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1940లోనే ప్రచురించింది. ఈ విద్య మనకు పరాయిది కాదు.

యాంటెనాల బలం దశ. పౌనఃపున్యం మారుస్తూ పోతే అందే సంకేతం ఎగసి పడుతుంది. రెండు శిఖరాల మధ్య ఎడాన్ని యాంటెనాల దూరంతో గుణిస్తే తరంగ వేగం వస్తుంది. 2008లో పరిశోధకులు వ్లామింక్, బైయుల్ పెర్మలాయ్ (నికెల్-ఇనుము మిశ్రలోహం) పట్టీలో విద్యుత్ ప్రవాహం వల్ల స్పిన్ తరంగానికి కలిగే డాప్లర్ మార్పును పట్టుకున్నది ఈ దారిలోనే. మామూలు లేజర్ కొలతకు దశ అందదు.

తరంగ క్షీణత (డ్యాంపింగ్) దగ్గరికొస్తే నా మొగ్గు లేజర్ వైపే. యాంటెనాలతో క్షీణత తేల్చాలంటే వేర్వేరు ఎడాలతో అనేక పరికరాలు చేసి, అన్నీ ఒకేలా ఉన్నాయని నమ్మాలి. పైగా ఒక యాంటెనా నుంచి రెండోదానికి నేరుగా దూకే మైక్రోవేవ్‌ను తీసివేయాలి. లేజర్ ఒకే పట్టీని బిందువు బిందువుగా చూస్తుంది, అంచు దగ్గర తరంగం ఎక్కడ చెదిరిందో చూపుతుంది. సుమారు 250 నానోమీటర్ల కన్నా సన్నని వివరం మాత్రం దానికి కనపడదు. లేజర్ వేడి పొరను మార్చనూవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. యాంటెనా వోల్టేజీ తరంగ కంపన పరిమితిని అనుసరిస్తుంది, చెదిరిన కాంతి తీవ్రత దాని వర్గాన్ని. అందుకే అదే తరంగం కాంతిలో సగం దూరానికే చచ్చినట్టు కనిపిస్తుంది. పెర్మలాయ్‌లో కొద్ది మైక్రాన్లకే నీరసించే తరంగం, 20 నానోమీటర్ల యిట్రియం ఇనుప గార్నెట్ పొరలో 25 మైక్రాన్ల దాకా సాగుతుందని చదివినప్పుడు, ఆ అంకె పరిమితిదా తీవ్రతదా అని చూడకుండా పోల్చడం తప్పు.

వేగానికి యాంటెనాలు, క్షీణతకు కాంతి: ఇదీ నా తీర్పు. నంబూరులోని నాగార్జున విశ్వవిద్యాలయం మొదలు ఒంగోలు కళాశాలల దాకా భౌతికశాస్త్రం చదివే పిల్లలారా, ఏ పత్రంలో క్షీణత దూరం కనిపించినా అది పరిమితిదా తీవ్రతదా అని ముందు అడగండి.